పది అడుగుల బేరం

గిటారు కొనడానికి వచ్చినవాళ్లు దానికి చెవి పెడతారట. నేను ముక్కు పెట్టాను. తప్పు నాదని చెప్పలేను, మా ఇంట్లో ఏ సరుకునైనా ముందు వాసన చూసేవాళ్లు. మా నాన్న కొత్త తాను విప్పగానే గుడ్డ అంచు ముక్కు దగ్గర పెట్టుకుని గంజి ఎంత పట్టించారో చెప్పేవాడు, మా అమ్మ చింతపండు బుట్టలో దాదాపు తల దూర్చేసేది. అందుకని నెల్లూరులో ఆ కల్యాణమండపం హాల్లో, బల్ల మీద పడుకోబెట్టిన గిటారు నడుమ ఉండే గుండ్రటి రంధ్రం మీదికి వంగి గట్టిగా ఒక ఊపిరి పీల్చాను. కొత్తగా చిత్రిక పట్టిన చెక్క, కాస్త బంక, కాస్త పాలిష్, వాటన్నిటి అడుగున చాలాకాలం తలుపు తియ్యని గదిలో ఉండే పొడిపొడి వెచ్చదనం. బల్ల వెనక నిలబడిన అమ్మాయి ఏమనుకుందో తెలియదు. నేను మాత్రం అరవై మూడేళ్ల వయసులో, కళ్లద్దాలు లేని మొహంతో, కోట బజారులో మస్తాన్ తాత కొట్టు గడప మీద నిలబడి ఉన్నాను.

నాకు గిటారు వాయించడం రాదు. ఏ పాటా రాదు. కళ్లద్దాల కాడ విరిగితే అతికించడానికి నెల్లూరు వచ్చాను, కొట్టతను రెండు గంటలు పడుతుందన్నాడు, బయట మే నెల ఎండ తారు రోడ్డును మెత్తబరుస్తోంది, ఎదురుగా గుడ్డ మీద పెద్ద పెద్ద అక్షరాలతో గిటార్ల ప్రదర్శన, ఏసీ హాలు, ప్రవేశం ఉచితం, ఎవరైనా వాయించి చూడవచ్చు అని రాసుంది. ఉచితం అన్న మాట కనిపించిన గుమ్మం దాటకుండా పోయినవాడు మా ఇంట్లో ఇంతవరకు పుట్టలేదు. గొడుగు మూసి లోపలికి పోయాను.

మా ఊరు కోట. అక్కడ మాది బట్టల కొట్టు. పైపంచెలు, దుప్పట్లు, చీటీ గుడ్డలు, పెళ్లిళ్ల కాలంలో నాలుగు పట్టుచీరెలు. సముద్రం అక్కడికి కనిపించేది కాదు గాని దాని గాలి మాత్రం రోజూ సాయంత్రం మా బజారుకు వచ్చేది, వచ్చి అప్పడాలను మెత్తబరిచి, అగ్గిపుల్లల తలలు చెమ్మ చేసి, మా నాన్న మడత పెట్టిన గుడ్డల అంచుల్లో కూర్చునేది. కొట్టు ముందువైపు, ఇల్లు వెనకవైపు, నడుమ ఒక తెర. నేను ఆ తెరకు ఇటూ అటూ పెరిగాను. అన్నదమ్ములు లేరు, అక్కచెల్లెళ్లు లేరు, అమ్మానాన్నలిద్దరూ గిరాకీ ముందే ఉండేవాళ్లు కాబట్టి అన్నం కూడా చాలాసార్లు గుడ్డల బేళ్ల మధ్య కూర్చుని ఒక్కణ్ణే తినేవాణ్ణి.

మాటలు వచ్చిన కొద్దిరోజులకే బేరం వచ్చింది నాకు. మా నాన్న నేర్పిన పద్ధతి చాలా తేలిక. నీకు ఏది బాగా కావాలో దాని మొహం చూడొద్దు, పక్కదాన్ని చూడు. తప్పనిసరిగా చూడాల్సివస్తే వంక పెట్టు. బాగుంది అనకు, పరవాలేదు అను. ఆ తర్వాత లేచి వెళ్లిపో, కానీ మెల్లిగా వెళ్లు, వెనక్కి చూడకు. పది అడుగుల లోపల వాడే పిలుస్తాడు. ఇదంతా ఆయన అవతలివైపు నుంచి నేర్చుకున్నాడు. రోజుకు ఇరవైమంది ఆయన కొట్టు దిగి అట్లాగే నడిచిపోయేవాళ్లు, ఆయన గుడ్డ మడుస్తూ వాళ్ల పాదాలనే చూసేవాడు. మూడో అడుగుకే వేగం పెంచినవాడు నిజంగా పోతున్నాడని, ఆరో అడుగులో చెప్పు సర్దుకునేవాడు పిలుపు కోసం కాచుకున్నాడని చెప్పేవాడు. తర్వాత పాట అందుకున్నట్టు, "ఓ పెద్దాయనా, ఇట్ట రా సామీ, అలిగి పోతే ఎట్ట?" అనేవాడు. పెద్దాయన గెలిచినట్టు మొహం పెట్టుకుని తిరిగొచ్చేవాడు. ఇద్దరూ గెలిచేవాళ్లు. నాకు అంతకంటే గొప్ప నాటకం ఉందని తెలియదు.

ఆ నాటకం నేను బడికి కూడా తీసుకుపోయాను, అక్కడే చెడింది. బొంగరానికి గోలీలు, గోలీలకు చింతపిక్కలు, చింతపిక్కలకు మళ్లీ అదే బొంగరం, ఇట్లా తిప్పి తిప్పి సాయంత్రానికి నా జేబులు నిండేవి, అవతలివాడికి ఏమి జరిగిందో తెలిసేది కాదు. రెండు నెలలకు తెలిసింది. అందరూ కలిసి నాతో ఆడడం మానేశారు. గోడ పక్కన గుంట తీసి నాకు నేనే గోలీలాడుకునేవాణ్ణి. కుడిచేయి ఎడమచేతిని ఓడించేది, ఎడమచేయి మళ్లీ బేరానికొచ్చేది.

అందుకే నేను ఎదురు వరుసకు పోయేవాణ్ణి. అక్కడ చివరి కొట్టు మస్తాన్ సాయిబుది. పరుపులు, దిండ్లు కుట్టే మనిషి. అప్పటికే ఆయన గడ్డం తెల్లగా ఉండేది, అయితే అది వయసు వల్లా దూది వల్లా అన్నది పండగ రోజు స్నానం చేసి వస్తే తప్ప తేలేది కాదు. పాత పరుపు తెచ్చి పడేస్తే కుట్లు విప్పి, లోపల గడ్డలు కట్టిన దూదిని కుప్పగా పోసి, దూలం నుంచి తాడుతో వేలాడదీసిన విల్లును దాని మీదికి దించేవాడు. మనిషి పొడుగు విల్లు అది, ఒక కొసన వెడల్పాటి పలక, ఆ కొస నుంచి ఈ కొసకు బిగించిన నరం. చేతిలోని చెక్క గుండుతో ఆ నరాన్ని కొడితే డుంయ్ మని లేచేది శబ్దం, దాని వెనకే దూది కుప్ప ఒక్క ఊపు ఊగి, గడ్డలు విడిపోయి, పింజలు పింజలుగా గాల్లోకి లేచేది. డుంయ్, డుంయ్, నడుమ గుండు వెనక్కి వచ్చేటప్పుడు టక్. పొద్దున ఆ మోత మొదలైతే మా అమ్మ అన్నం పొయ్యి మీద పెట్టేది, ఆగితే మధ్యాహ్నం అయినట్టు.

నేను గడప మీద కూర్చునేవాణ్ణి. కాసేపటికి నా కనుబొమ్మలు కూడా ఆయనవాటిలాగే తెల్లబడేవి. పచ్చి దూది వాసన, ముసలి చెక్క వాసన, మూసిన గది వెచ్చదనం. దూది గొంతులో పడుతుందని నోటికి గుడ్డ కట్టుకుని ఉండేవాడు కాబట్టి ఆయన ఎక్కువ మాట్లాడేవాడు కాదు. నన్ను ఏమీ అడిగేవాడు కాదు, బడిలో ఎందుకు ఆడుకోవడం లేదని కూడా. పని లేని పూట మాత్రం గుండు పక్కన పెట్టి, విల్లు పలక మీద అరచేయి ఆనించి, బొటనవేలితో నరాన్ని మీటేవాడు. చేయి జరిపేకొద్దీ శబ్దం మారేది. మీటమని నా చేయి పట్టి పెట్టేవాడు. "గట్టిగా లాగమాక అబ్బయా, దానికి నొప్పి. ఊరికే తాకి ఇడువు." మీటి, పలకకు చెవి ఆనిస్తే ఆ మోత పళ్లలోకి, పుర్రెలోకి, కడుపులోకి దిగి చాలాసేపు ఉండేది. మొదటిసారి విన్నప్పుడే అది నాకు కావాలనిపించింది. అంత కావాలని అంతకుముందు దేన్నీ అనుకోలేదు. కాబట్టి పద్ధతి ప్రకారం, ఆ రోజు నుంచి దాన్ని నేరుగా చూడడం మానేశాను.

కార్తీకంలో తుఫాను ముసురు పట్టిందంటే మా వైపు వారం పది రోజులు గుడ్డ ఆరదు. ఆ చెమ్మకు విల్లు నరం వదులైపోయి మూలిగేది. తాత కుంపటిలో బొగ్గులు రాజేసి, నరాన్ని దూరంగా సెగ చూపించి, మళ్లీ బిగించి మీటి, తల వంచి విని, ఇంకా లేదని మళ్లీ బిగించేవాడు. అదే కుంపటి మీద మా అమ్మ పంపిన పులిబొంగరాలు వెచ్చచేసుకుని, కారం అద్దుకుని, బయట బజారు మోకాలిలోతు నీళ్లతో కాలవైపోతుంటే ఇద్దరం తినేవాళ్లం. రంజానుకు ఆయన దగ్గరి నుంచి మా ఇంటికి పాల సేమియా వచ్చేది. దసరాకు మా నాన్న గజం బద్దకు, కత్తెరకు కుంకుమ పెట్టి పూజ చేస్తుంటే తాత విల్లు భుజాన వేసుకుని మా అరుగు దగ్గరికి వచ్చి, "అన్నా, నా పనిముట్టుకూ ఒక బొట్టు పెట్టు. ఇదొకటే ఏం పాపం చేసింది?" అనేవాడు. ఆ బొట్టు విల్లు మీద సంక్రాంతి దాకా చెరిగేది కాదు, ఆయన చెరపనిచ్చేవాడు కాదు.

నాకు పన్నెండో ఏడు వచ్చినప్పుడు నాయుడుపేటలో దూది ఏకే మిషను పెట్టారు. తాత పది రోజులు చేసే పని అది ఒక పూటలో చేస్తుందని అందరూ చూసొచ్చి చెప్పారు. మూటలు బస్సు టాపుల మీద నాయుడుపేట పోవడం మొదలైంది. పొద్దుటిపూటలు నిశ్శబ్దంగా ఉండేవి, వేళ తెలియక మా అమ్మ అన్నం ఒకటికి రెండుసార్లు మాడ్చింది. ఆ ఎండాకాలం తాత కొట్టు ఎత్తేసి సూళ్లూరుపేటలో కూతురింటికి పోవడానికి నిశ్చయించుకున్నాడు. పోయేముందు ఆయన కుట్టిన ఆఖరి పరుపు మాది. మా నాన్న పనిగట్టుకుని కొత్త దూది తెప్పించి, అక్కర లేకపోయినా ఒక జంట పరుపు కుట్టమన్నాడు.

పరుపు కుట్టడం అయిపోయిన సాయంత్రం ఆయన నన్ను పిలిచాడు. విల్లు దూలం నుంచి దించి గోడకు ఆనించి ఉంది. పడుకున్న మనిషిని నిలబెట్టినట్టు ఉంది.

"ఇట్ట రా అబ్బయా. నేను రేపు పొద్దన్నే పోతుండా. ఆడ మా కూతురింట్లో దీన్ని తగిలించేదానికి దూలం గూడా లేదు. నీకు కావాల్నా?"

కావాలి తాతా అని రెండు మాటలు అనాలి, అంతే. నోరు తెరిచాను, అందులోంచి మా కొట్టు మాట్లాడింది.

"ఇదా? చెక్కంతా పగుళ్లేగా తాతా. నరం గూడా అరిగిపోయిండాది. ఇంత పొడుగుది మా ఇంట్లో యాడ పెట్టేది?"

ఆయన విల్లు వైపు తిరిగాడు. పగుళ్లు అంతవరకు తాను చూడనట్టుగా బొటనవేలితో పైనుంచి కిందికి తడిమాడు. "అవును అబ్బయా," అన్నాడు. "పాతదైపోయిండాదిలే."

ఇప్పుడు నేను వెళ్లిపోవాలి, మెల్లిగా, వెనక్కి చూడకుండా. గడప దిగాను. ఒకటి, రెండు. ఎండ ఇంకా నేల మీద ఉంది, పాదాలు కాలుతున్నాయి. నాలుగో అడుగు దగ్గర కిరసనాయిలు మరక. ఆరో అడుగులో కాలికి ముల్లు గుచ్చుకున్నట్టు వంగి, లేని ముల్లును చాలాసేపు తీశాను. ఎనిమిది. మా నాన్న కొట్టులోంచి చూస్తే నవ్వేవాడేమో, వీడు పిలుపు కోసం కాచుకున్నాడని. తొమ్మిది. పదో అడుగు వేసి రెండో కాలు గాల్లోనే ఉంచాను. వెనక నుంచి చాప దులుపుతున్న చప్పుడు వినిపించింది, అంతే. పదకొండో అడుగు గురించి మా నాన్న నాకేమీ నేర్పలేదు. ఇంట్లోకి పోయాను.

పొద్దున లేచేసరికి ఎద్దుల బండి కట్టేశారు. ట్రంకుపెట్టె, చాపచుట్ట, వంటగిన్నెలు, వాటి మీద నరం సడలించి కట్టిన విల్లు. తాత మా అరుగు దగ్గరికి వచ్చి మా నాన్నకు సలాము చేసి, నా కోసం అటూ ఇటూ చూశాడు. నేను తెర వెనక ఉన్నాను. అప్పటికీ పిలుస్తాడనే అనుకుంటున్నాను. బండి మలుపు తిరిగాక బయటికి వచ్చాను.

"వద్దన్నావంట గదరా," అన్నాడు మా నాన్న, గుడ్డ మడత మీంచి తల ఎత్తకుండా.

"వద్దన్లేదు. వంక పెట్టినా. పిలుస్తాడనుకున్నా."

ఆయన చేతిలో గుడ్డ ఆగింది. "ఆయన నీకు అమ్మలేదురా, ఇస్తా ఉన్నాడు. నన్ను మొన్ననే అడిగినాడు, పిల్లోడికి ఇచ్చేదా అని. నేను గోదాములో దూలానికి తాడు గూడా కట్టిపెట్టినా."

నేను వెళ్లి చూశాను. కొత్త కొబ్బరితాడు, చక్కగా ముడి వేసి, నా ఎత్తుకు సరిపోయేలా వేలాడుతోంది. దాన్ని ఎవరూ విప్పలేదు. ఆ గోదాము కూల్చి కొత్త షాపులు కట్టించేదాకా అది అక్కడే ఉంది.

తర్వాత మద్రాసుకు సరుకు కోసం ఎన్నోసార్లు పోయాను. సూళ్లూరుపేటలో బండి ఆగినప్పుడల్లా కిటికీలోంచి ప్లాట్‌ఫారం మీది తెల్లగడ్డాలన్నీ చూసేవాణ్ణి, దిగలేదు. దిగితే అడగాలి గదా. అడగడం మాత్రం నేను ఎక్కడా నేర్చుకోలేదు. పెళ్లిచూపులకు పోయినప్పుడు పిల్ల ఎట్లా ఉందని అడిగితే పరవాలేదు అన్నాను. ఆ మాట పక్కగదిలో ఉన్న ఆమెకు వినపడింది. ముప్పై రెండేళ్లు కాపురం చేసి, చీరె కట్టినా పులుసు కాచినా, "పరవాలేదా?" అని అడిగి నవ్వేది. ఆమె పోయి నాలుగేళ్లయింది. ఆ మాటకు అసలు అర్థం ఏమిటో చెబుదామని చాలాసార్లు అనుకున్నాను.

"వాయించి చూడండి అంకుల్," అంది బల్ల వెనక అమ్మాయి. ఇరవై అయిదేళ్లుంటాయి, గోళ్ల నిండా చెక్కపొడి. ఈ బల్ల మీదివన్నీ తనే చేసిందట. హాలంతా పిల్లలు, తలా ఒక గిటారు ఒళ్లో పెట్టుకుని తలా ఒక పాట వాయిస్తున్నారు. అన్నీ కలిసి వర్షాకాలం కప్పల్లా ఉంది. నేను కుర్చీలో కూర్చున్నాను. గిటారు ఒళ్లోకి తీసుకుంటే పసిబిడ్డను ఎత్తుకున్నంత భయం వేసింది. అన్నిటికంటే లావు తీగను బొటనవేలితో మీటాను. దగ్గరగా ఉంది గాని అది కాదు.

"దీన్ని కొంచెం వదులు చేస్తావామ్మా?"

"వదులు చేస్తే సుతి పోతుంది అంకుల్."

"పోనీలే."

ఆమె బిరడా తిప్పింది. నేను మీటాను. ఇంకా అన్నాను. ఇంకా తిప్పింది. తీగ సడలి, గొంతు కిందికి దిగి, చెక్క పొట్టంతా ఒణికేచోట ఆగింది. డుంయ్. చెవి చెక్కకు ఆనించాను. అది పళ్లలోకి, పుర్రెలోకి, కడుపులోకి దిగింది. ఎంతసేపు అట్లా ఉన్నానో. తల ఎత్తేసరికి ఆ అమ్మాయి పక్క బల్లకు వెళ్లకుండా నావైపే చూస్తోంది.

"సముద్రం పక్కూళ్లలో దీన్ని కాపాడేది కష్టం అంకుల్. గాలికి చెమ్మ పట్టుద్ది. మీది యా ఊరు?" అంది.

"కోట," అన్నాను. ఆ వెంటనే నోరు తన పని తను చేసుకుపోయింది. "చెక్క మీద గీత పడుండాదే. మెడ గూడా కొంచెం వంకరగా ఉన్నట్టుండాది. పరవాలేదు." గిటారు బల్ల మీద పెట్టి లేచాను. కొనే ఉద్దేశం లేదు, కొని ఏం చేసుకుంటాను, అయినా కాళ్లకు అలవాటు. మెల్లిగా, వెనక్కి చూడకుండా. తివాచీ మీద అడుగులు చప్పుడు కావు. ఆరో, ఏడో అడుగులో ఉన్నాను.

"అంకుల్, ఒక్క నిమిషం. ఇట్ట రండి."

యాభై ఏళ్లు ఆలస్యంగా వచ్చింది ఆ పిలుపు. నా మొహం దానంతటదే గెలిచినట్టు తయారవుతుంటే వెనక్కి తిరిగాను. ఆమె చేతిలో నా గొడుగు ఉంది.

తిరిగి వెళ్లాను. గొడుగు తీసుకుని నిలబడ్డాను. "అమ్మా, ఇందాక గీత అన్నానే, గీత లేదు," అన్నాను.

"తెలుసు అంకుల్. కళ్లద్దాలు బాగుకిచ్చినానని మీరే చెప్పినారుగా వచ్చేటప్పుడు," అని నవ్వింది. "మరి గీత యాడ కనపడింది మీకు?"

"చాలా బాగుంది," అన్నాను. మళ్లీ అన్నాను. "చాలా బాగా చేసినావు. ఇట్టాంటిది నాకు చిన్నప్పుడు ఒకటి కావాల్సి ఉన్నింది."

ఆ మాట నేను చెప్పాల్సిన మనిషి ఆమె కాదు. అయినా ఆమె తల ఊపి, సరిగ్గా దాని అసలు యజమానిలాగే శ్రద్ధగా పుచ్చుకుంది. నేను గుమ్మం చేరేసరికి వెనక ఆమె తీగను మళ్లీ బిగించడం వినిపించింది. మీటుతూ, తిప్పుతూ, మీటుతూ. ప్రతి తిప్పుకూ శబ్దం కొంచెం పైకి పోయి, తాతది కాకుండా పోయి, చివరికి హాల్లోని మిగతా అన్ని గిటార్ల గొంతులో కలిసిపోయింది.

కళ్లద్దాలు తీసుకుని సాయంత్రం బస్సుకు కోట వచ్చాను. మస్తాన్ తాత కొట్టున్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపుంది. దాని పక్కన పరుపుల షాపే, కానీ అందులో పరుపులు ప్లాస్టిక్ తొడుగుల్లో నిలబడి ఉంటాయి, వాటికి దూది తెలియదు, ఏ పరుపునూ ఎవరూ విప్పరు. తాత కుట్టిన ఆఖరి పరుపు, మా అమ్మానాన్నలు పడుకున్న పరుపు, తర్వాత నేనూ నా భార్యా పడుకున్న పరుపు, ఇంకా నా మంచం మీదే ఉంది. ఊళ్లు తిరిగే దూదేకులవాళ్లు వచ్చినన్నాళ్లు మూడు నాలుగుసార్లు ఏకించాం, ఆ తర్వాత వాళ్లూ రావడం మానేశారు. ఇప్పుడు దూది ఎక్కడికక్కడ గడ్డలు కట్టింది. ఆమె పడుకునే వైపు మెత్తగా, నా వైపు రాళ్లలాగా. దీన్ని విప్పి ఏకేవాళ్ల కోసం కోటలో అడిగాను, నాయుడుపేటలో అడిగాను, మనుబోలు దాకా కబురు పెట్టాను. ఈసారి ఏ వంకా పెట్టలేదు.